దసరా నాటి కంప్యూటర్లు, మా మేడం

మేడం పోయారన్న కబురు వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే, నేను పొయ్యి మీద ఉప్మా పెట్టి ఉన్నాను. "అక్క పోయిందమ్మా. నిద్రలనే. చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నిజంగనేనా? డాక్టర్ మంచిగ చూసిండా?" అని. అవతల ఏడుపులోంచే నవ్వు మొదలైంది. "అక్క ఎన్నడో చెప్పింది. నేను పోతే ఆ పిల్ల నమ్మదు, ఇద్దరు డాక్టర్లతోని చెప్పియ్యిన్రి అని. ఇద్దరు చూసిన్రమ్మా. వచ్చెయ్యి."

ఉప్మా మాడిపోయింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే పొయ్యి ఆపాను. నలభై దాటిన నన్ను ఆ పిల్ల అనేవాళ్లు ఇక ఎవరున్నారు?

బెల్లంపల్లిలో, వాళ్ల బాపు సమాధి పక్కనే మేడంను ఉంచారు. చర్చివాళ్లు పాటలు పాడారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా కస్టమర్లు ఎంతమంది వచ్చారంటే, పాస్టర్ గారు "వీళ్లంతా చుట్టాలా?" అని అడిగారు. "మెయిళ్లు పోయినోళ్లం అయ్యగారూ" అన్నాడు ధర్మపురి నుంచి వచ్చిన లాడ్జి మేనేజర్. అక్కడ ఏడ్చినవాళ్ల కన్నా ఆమె మాటలు చెప్పుకుని నవ్వినవాళ్లే ఎక్కువ. ఇది తప్పేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆమె ఉంటే ఏమనేవారో తెలుసు కాబట్టి ఆ అనుమానాన్ని అక్కడే వదిలేశాను.

ఆమె ఎవరో ముందు చెప్పాలి. కరీంనగర్‌లో బస్టాండు వెనక వీధిలో, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైన, రెండు గదుల్లో మాకో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. సంఘాలు, దుకాణాలు, లాడ్జీలు, చర్చిల కంప్యూటర్లలోని మెయిళ్లను రోజూ ఇంకోచోట దాచిపెట్టే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రాసి అమ్మడం మా పని. పోయిన మెయిళ్లను వెతికి తెచ్చివ్వడం కూడా. ఆ ఆఫీసు పెట్టింది మేడమే. బొగ్గు గని ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్ నడిపి, ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని, "ఇగ నాకు నచ్చిన పని చేస్త" అని కరీంనగర్ వచ్చేశారట.

నేను ఎంసీయే చదివాను. మేడం దగ్గరికి రాకముందు వేరే ఆఫీసుల్లో చేశాను. పోయిన ప్రతిచోటా ఒకటే మాట విన్నాను: పని మంచిగ చేస్తవు గాని ప్రతిదానికీ అనుమానమే. ఆ మాట విని విని, మేడం దగ్గరికి ఉద్యోగానికి దరఖాస్తు మెయిల్ పంపినప్పుడు నా లోపాల దగ్గర నేనే రాసేశాను, అనుమానం ఎక్కువ అని. ఇంటర్వ్యూలో ఆమె నా సర్టిఫికెట్ల మొహం కూడా చూడలేదు.

"ఇంటికి తాళమేసినంక మళ్ల ఎనుకకొచ్చి గుంజి చూస్తవా?" అన్నారు.

"చూస్తాను మేడం."

"బస్సెక్కినంక?"

"ఒకసారి దిగి వెళ్లి కూడా చూశాను."

మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టి నవ్వారు. ఆ నవ్వుకు కింద దుకాణంలో కుట్టుమిషను ఆగిందంటే నమ్మండి. లోపలి గదిలో ఉన్న రాజేశాన్ని, మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసే మనిషిని, కేకేసి పిలిచారు. "రాజేశం! ఇగో, మన అనుమానం డిపార్టుమెంటు వచ్చింది. కుర్చీ చూడు." ఇన్నాళ్లూ నేను దాచుకోవాలని చూసిన గుణానికి ఒక కుర్చీ, ఒక టేబుల్, నెలజీతం ఇచ్చిన మనిషి ఆమె. ఆ కృతజ్ఞత ఎప్పుడూ నోటితో చెప్పలేదు. చెబితే ఏమనేవారో ఊహించుకుని ఆగిపోయేదాన్ని.

మా ఆఫీసులో శనివారం ఒక ఆచారం ఉండేది. ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం చాయ్ వేళకు, మా ఆఫీసు బ్యాకప్‌లోంచి ఎవరికి తోచిన పాత మెయిల్‌ను వాళ్లు వెనక్కి తెచ్చి అందరి ముందు పైకి చదవాలి. ఫైల్ వచ్చింది, సైజు సరిపోయింది అంటే మేడం ఒప్పుకునేవారు కాదు. గొంతెత్తి చదవాల్సిందే. ఒకసారి నేను తెచ్చిన మెయిల్ సైజు అక్షరానికి అక్షరం సరిపోయింది, తెరిస్తే తెలుగు అంతా ప్రశ్న గుర్తులే. "చదువు చదువు" అని మేడం పట్టుబట్టారు. "ప్రశ్న, ప్రశ్న, ప్రశ్న" అని నేను చదువుతుంటే రాజేశం చాయ్ మీద పోసుకున్నాడు. ప్రోగ్రాంలోని ఆ తప్పు, ఆ బగ్, అలా దొరికింది.

అలా చదివేటప్పుడు వచ్చేవి ఎలాంటి మెయిళ్లో! రాజేశం సెలవు చీటీ: "మా బర్రె ఈనింది, రెండు రోజులు రాలేను." మర్నాడు అతనే ఇంకో మెయిల్: "దూడ ఆడది. ఇంకొక రోజు." చొప్పదండి ఎరువుల దుకాణాయన ఫిర్యాదు: "మీ సాఫ్ట్‌వేర్ పని అయినంక కుయ్యిమంటున్నది. మా అత్తమ్మ కుక్కర్ అనుకొని పొయ్యి బంద్ చేస్తున్నది. అన్నం ఉడుకుతలేదు." ఏడాదికోసారి నా దరఖాస్తు మెయిల్‌ను మేడమే తీసి, నా లోపాల దగ్గరికి రాగానే నిలబడి చదివేవారు, ఏదో సన్మానపత్రం చదివినట్టు.

పైకి ఎందుకు చదవాలని మొదట్లోనే అడిగాను. మేడం బాపు గనిలో లాంప్ రూంలో పనిచేసేవారట. దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం ఆయన పని. దీపాలన్నీ లెక్కకు వస్తే చాలు, ఇంటికి పోవచ్చు. ఆయన మాత్రం పేరు పేరునా పిలిచి, "ఆఁ" అన్న గొంతు వింటేనే గీత గీసేవారట. ఒకడి దీపం ఇంకొకడు తెచ్చివ్వవచ్చు కదా. "దీపం వచ్చుడు వేరే, మనిషి వచ్చుడు వేరే బిడ్డా" అన్నారు మేడం. "మెయిల్ వచ్చిందనకు. పిలిస్తే పలుకుతుందా చూడు." ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

బగ్ దొరికిన రోజు మా ఆఫీసులో పండగ. దాన్ని బాగుచేసిన రోజు కాదు, దొరికిన రోజు. "దొరికినవా బిడ్డా!" అని స్క్రీన్‌కు దండం పెట్టి, సందు మొగదలకు మనిషిని పంపి మిర్చి బజ్జీలు తెప్పించేవారు. "బాగుచేసుడు కూలిపని. అదెవలైనా చేస్తరు. దొరుకుడే దొరకది" అనేవారు. రెండు వేళ్లతో టైపు చేసేవారు, చర్చి పాట కూనిరాగం తీస్తూ. పాట ఆగిందంటే ఏదో తేడా కనిపించిందని మాకు తెలిసేది. రాజేశం నా వైపు, నేను రాజేశం వైపు చూసుకునేవాళ్లం.

ఇప్పుడు చెప్పబోయేది ఆ పాట చాలాసేపు ఆగిపోయిన వారం సంగతి.

దీపావళి వెళ్లిన కొద్ది రోజులకు, మరమగ్గాల ఊరి నుంచి నేతకార్మికుల సంఘం సెక్రటరీ వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఒళ్లో కొత్త తువ్వాలలో చుట్టిన మూట. మూట విప్పితే బ్యాకప్ డ్రైవ్. దాని మీద పసుపు, కుంకుమ బొట్టు ఇంకా ఉన్నాయి. ఆయన వెనకే ఒక అమ్మాయి, రజిత. మగ్గాల మోత మధ్య పెరిగిన పిల్లలు మాట్లాడే గొంతు ఉంటుంది చూడండి, అందరికీ వినబడేలా, ఆ గొంతు ఆమెది. ఆ రోజు మాత్రం అది లేవడం లేదు.

సంగతి ఇది. సంఘం కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పోయింది. మెయిళ్లన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోకే దిగేలా పెట్టుకున్నారు, ఇంకెక్కడా లేవు. బ్యాకప్ ఉంది కదా అన్న ధైర్యంతో తెరిచి చూస్తే దసరా తర్వాత వచ్చినవే ఉన్నాయి. అంతకు ముందువి ఒక్కటీ లేవు. మా సాఫ్ట్‌వేర్ మాత్రం రోజూ పచ్చ టిక్కు చూపిస్తూనే ఉంది.

రజిత వాళ్ల బాపు కూలికి మగ్గాలు నడుపుతాడు. ఆమె చిన్నప్పటి నుంచి చీర అంచులు గీస్తుంది, ఫోన్‌లోనే. గీసిన ప్రతిదాన్నీ సంఘం మెయిల్‌కు పంపేది. ఆ ఫోన్, అందులోనే ఉన్న పంపిన మెయిళ్లతో సహా, నూలుకు పట్టించే గంజి తొట్టిలో పడి చచ్చిపోయింది. ఇక మిగిలింది సంఘం మెయిలే. వచ్చే వారం ఆమెకు డిజైన్ చదువు సీటుకు ఇంటర్వ్యూ. తాను ఇన్నాళ్లూ గీసినవి చూపిస్తేనే సీటు.

"మళ్ల గీయరాదా బిడ్డా?" అన్నారు మేడం.

"గీస్త మేడం. అన్నెట్ల గీస్త గిన్ని రోజులల్ల? గీసినా, నిన్న గీసినవి నిన్న గీసినట్టే కొడుతయి. వాళ్లు ఎట్ల నేర్చుకున్నవో చూపియ్యమంటున్నరు. ధర్మపురిల గోదారి మెట్ల మీద కూసోని గీసిన అంచొకటుంది మేడం. గది లేకుంటే నేను పోయినా ఒకటే, పోకున్నా ఒకటే."

"కొడుతయి అంటే?"

"మొఖంల కొడుతయి మేడం. ఆగమాగం గీసినయి అని."

మేడం మా స్క్రీన్ మీద వెలుగుతున్న పచ్చ టిక్కు వైపు చాలాసేపు చూశారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగం రాసింది ఆమే. ఆ తర్వాత సెక్రటరీ ఒళ్లోని డ్రైవ్ వైపు, దాని మీద బొట్టు వైపు చూసి, "సెక్రటరీ సాబ్, దసరా నాడు మిషిన్‌కు దండేసిన్రా?" అని అడిగారు.

"ఏసినం మేడం! ఏసుడేంది, బంతిపూల దండ, గుమ్మడికాయ, అన్నీ. మగ్గాలకు ఎట్లనో కంప్యూటర్‌కు గట్లనే. మీరు వచ్చిన్రు గదా, పులిహోర తిన్నరు గదా."

"తిన్న. మిషిన్ బంద్ పెట్టిన్రా?"

"అయ్యో, పెట్టకుంటెట్ల? పనిముట్టు ఆ ఒక్క దినమన్నా పండుకోవాలె గద మేడం. ప్లగ్గే పీకినం."

"దొరికినవా బిడ్డా!" అన్నారు మేడం. గొంతు సగమే లేచింది. బజ్జీలు తెప్పించమనలేదు.

మా సాఫ్ట్‌వేర్ చేసేది సులువైన పనే. నెలకోసారి మెయిళ్లన్నిటినీ పూర్తిగా నకలు తీస్తుంది. ఆ తర్వాత రోజూ కొత్తగా వచ్చినవి మాత్రం చేరుస్తుంది. కొత్త పూర్తి నకలు తయారయ్యాక, చోటు కోసం పాత పూర్తి నకలును, దాని వెంట చేరినవాటిని తీసేస్తుంది. ఆ ఏడు పూర్తి నకలు తీయాల్సిన దినమే దసరా పడింది. ఆ దినం కంప్యూటర్ పూలదండ వేసుకుని పడుకుంది. మర్నాడు లేచి, తేదీ చూసుకుని, నిన్న పని అయిపోయే ఉంటుందిలే అనుకుంది. పాతదాన్ని తీసేసింది. కొత్తది లేనే లేదు.

పండగ పూట కూడా కంప్యూటర్లు పనిచేసే ఊళ్లలో ఈ బగ్ ఎన్నటికీ బయటపడేది కాదు. పనిముట్లను పడుకోబెట్టే మా దగ్గర తప్ప. మెథడిస్టు కుటుంబంలో పుట్టిన మేడం, ప్రతి దసరాకు కస్టమర్ల దగ్గరికల్లా తిరిగి, జమ్మి ఆకు తీసుకుని, పులిహోర తిని, దండలు వేసిన కంప్యూటర్ల పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. "కండ్ల ముంగటనే ఉండె" అన్నారు రాజేశంతో. "పులిహోర మీద ధ్యాసుండె నాకు."

రాజేశం వెంటనే ఒక ఉపాయం చెప్పాడు. పండగలన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లో రాసి పెడదామని. మేడం తల ఊపలేదు. "పండుగలు నువ్వు రాస్తవు. కరెంటు పోయే దినాలు ఎవరు రాస్తరు? పెండ్లికి పోయి ఆఫీసు తాళమేసే దినాలు? తేదీని నమ్ముడే తప్పు. కొత్తదాన్ని తెరిచి, అండ్లకెళ్లి ఒక మెయిల్ చదివి చూసుకున్నంకనే పాతదాన్ని ముట్టాలె. మనం శనివారం చేసే పనే. మనం చేస్తున్నం, మిషిన్‌కు నేర్పలేదు. గంతే తప్పు. నాదే."

ఆమె తల దించుకుని అన్న మాట కాదు అది. చాయ్‌లో చక్కెర మరిచిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పారు. అలా చెప్పగలగడం నాకు ఈరోజుకీ రాలేదు.

ఇక పోయినవాటిని తేవాలి. "తీసేసింది అంటే పేరు చెరిపింది అంతే" అని రజితకు చెప్పారు మేడం. "సరుకు ఆడనే ఉంటది, దాని మీద ఇంకోటి వచ్చి కూసునేదాక. దసరా నుంచి మీ మెయిళ్లు వచ్చి కొన్నిటి మీద కూసున్నయి. వేటి మీద కూసున్నయో చూడాలె." ఆ డ్రైవ్‌ను ఎవరినీ ముట్టనివ్వలేదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డ్రైవ్‌లోకి ఎత్తాం. పని అంతా ఆ రెండో దాని మీద. ప్రతి మెయిల్ ఎలా మొదలవుతుందో ఆ మాటలను పట్టుకుని డ్రైవ్ అంతా వెతికే చిన్న ప్రోగ్రాం రాజేశం రాశాడు. అది నెమ్మదిగా, చేలో కలుపు తీసినట్టు, ఈ చివర నుంచి ఆ చివరకు కదులుతుంది.

నేను మేడంను వరండాలోకి పిలిచాను. "దొరక్కపోతే? ఆ పిల్లకు ఆశ పెట్టకుండా ఉండాల్సింది మేడం" అన్నాను.

"అనుమానపడు, వద్దంటలేను. అందుకే జీతమిస్తున్న" అన్నారు. "భయపడకు. అనుమానమైతే లేచి చూస్తవు. భయమైతే కూసుంటవు. ఇప్పుడు నీది ఆ రెండిట్ల ఏదో చూసుకో." నేను చూసుకున్నాను. భయమే. లోపలికి వెళ్లి పని మొదలుపెట్టాను.

ప్రోగ్రాం నడుస్తున్నన్ని రోజులూ మేము ఖాళీగా కూర్చోలేదు. మా కస్టమర్లందరికీ మేడం స్వయంగా ఫోన్ చేశారు. ఎవరి మీదా నెపం పెట్టలేదు. "తప్పు మాది. మీ పాత మెయిళ్లు పోయి ఉండొచ్చు. డ్రైవ్ ముట్టకున్రి, మేం వస్తున్నం" అంటూ, చివర ఒకటే ప్రశ్న: "దసరా నాడు మిషిన్ బంద్ పెట్టిన్రా?" చొప్పదండి ఎరువుల దుకాణాయనకు కోపం వచ్చింది. "పెట్టనా మరి? నేనేమన్న పండుగ తెల్వనోన్నా మేడం?" అన్నాడు. "తెలిసినోళ్లకే వచ్చింది బాధ" అన్నారు మేడం. అడిగిన చోటల్లా పెట్టామనే జవాబు, అదీ గర్వంగా. మధ్యలో ఏదో తోచి, చేతిలోని చాయ్ కప్పు దించేశారు. "మా పాస్టర్ గారు ఆదివారమాదివారం ప్లగ్గు పీకుతరు!" నకలు దినం ఈసారి ఆదివారం పడలేదు గనుక చర్చి బతికిపోయింది. ఆయనకు ఫోన్ చేసి, "అయ్యగారూ, దేవుడు ఈసారి తేదీ చూసి కాపాడిండు, వచ్చేసారి నన్ను చూసుకొమ్మంటుండు" అన్నారు.

వాళ్ల కంప్యూటర్లు మంచిగానే ఉన్నాయి గనుక, ఉన్న మెయిళ్లను కొత్తగా నకలు తీస్తే సరిపోయింది. బస్సుల్లో తిరిగాం. ధర్మపురి లాడ్జిలో అన్నం పెట్టి గాని పంపలేదు. చొప్పదండిలో ఆ అత్తమ్మను చూడాలని మేడం ఇంటికే వెళ్లారు. ఇద్దరూ కుక్కర్ గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారో, నేను నకలు తీయడం అయిపోయి కూర్చున్నా కదల్లేదు.

ఆఫీసులో దొరికిన మెయిళ్లు ఒక్కొక్కటే తేలుతున్నాయి. వరస లేదు, కొన్నిటికి తల లేదు, కొన్నిటికి తోక లేదు. ఏది పలుకుతుందో చూడాలంటే ఆచారం ప్రకారం పైకి చదవాల్సిందే. సంఘం మెయిళ్లు కాబట్టి సెక్రటరీ పక్కనుండాలి. ఆయన రోజూ బస్సెక్కి వచ్చేవాడు. రజిత కూడా. మొదటి రోజే రాజేశం ఒక మెయిల్ చదివాడు: "బీపీ గోలీ ఏసుకున్నవా?" పంపింది సెక్రటరీ. ఎవరికి పంపాడని చూస్తే, సెక్రటరీకే. దాని కింద జవాబు: "ఏసుకున్న." అదీ ఆయనదే.

"యాది ఉండదు మేడం" అన్నాడు సెక్రటరీ, చెవులు ఎర్రబడి.

"మరి జవాబెందుకు రాసిన్రు కాకా?" అంది రజిత.

"అడిగినోనికి చెప్పద్దా?"

మేడం నవ్వి నవ్వి టేబుల్ మీద తల పెట్టేశారు. ఆ తర్వాత తలకాయ ఎత్తి, గంభీరంగా, "చూసిన్రా, పిలిస్తే పలుకుతున్నడు. ఇది మంచి బ్యాకప్" అన్నారు. రజిత మొదటిసారి నవ్వింది, తన అసలు గొంతుతో. కింద కుట్టుమిషను దుకాణం ఆయన మెట్ల దాకా వచ్చి ఏమైందని అడిగి పోయాడు.

రజిత అంచులు కూడా రావడం మొదలైంది. చిన్నప్పుడు గీసిన వంకర నెమళ్లు, మక్కకంకుల వరస, బతుకమ్మ పూలు. ఒక్కొక్కటి తెరుచుకుంటుంటే, "గిది ఏడో తరగతిల గీసిన మేడం, నెమలికి కాళ్లు మరిచిపోయిన" అంటూ చెప్పేది. వాటిని చూస్తుంటే ఒక చేయి ఎలా ఎదిగిందో మాకు కూడా తెలుస్తుండేది. గోదావరి అంచు మాత్రం రాలేదు. ప్రోగ్రాం డ్రైవ్ చివరి భాగానికి చేరుకుంది. ఇంటర్వ్యూకు ఇక మిగిలింది ఒక్క రోజు. మేడం పాట మళ్లీ ఆగింది. నేను కుర్చీలో కూర్చోలేక, అయిపోయిన భాగాలను మళ్లీ మొదటి నుంచి చూస్తూ పోయాను. వదిలేసినవి ఏమైనా ఉన్నాయా అని. తోక తెగిన మెయిళ్లను ప్రోగ్రాం పనికిరానివిగా ఒక పక్కకు పడేస్తోంది. రాజేశం చెప్పాడు, వాటిని చూడక్కర్లేదని. చూస్తే నష్టమేముందని ఒక్కొక్కటే తెరిచాను. అందులో ఒకదానికి రజిత పేరుంది. జత చేసిన బొమ్మ సగంలో తెగిపోయింది.

"మేడం" అన్నాను. అందరూ నా టేబుల్ చుట్టూ చేరారు.

బొమ్మ పైనుంచి గీత గీతగా తెరుచుకుంది. గోదావరి గట్టు మెట్లు. మెట్ల మీద వరసగా దీపాలు. దీపాల కింద నీటి అంచు, సన్నని అలలు. ఆ తర్వాత అంతా బూడిద రంగు. మిగతా సగం మీద దసరా తర్వాతి మెయిల్ ఏదో వచ్చి కూర్చుంది. ఇక రాదు. నేను రజిత మొహం వైపు చూడలేకపోయాను.

"గిదే మేడం! వచ్చింది గదా!" అంది ఆమె.

"సగమే వచ్చింది బిడ్డా" అన్నారు మేడం, మెల్లగా.

"సగం చాలు మేడం. కింద సగం నీళ్లల్ల నీడ. పైన ఎట్లుంటే కింద గట్లనే, తిరగేసి. అంచు అంటేనే గంత గదా. ఇంటికి పోయి తిప్పేసుకుంట. అద్దం ఉందా మేడం?"

ఆ అంచునే చూపించి ఆమె సీటు తెచ్చుకుంది. అది తర్వాతి మాట. మేడం చేతిసంచిలో చేయి పెట్టి, మూత ఊడిన ఒక చిన్న అద్దం తీసి ఇచ్చారు. రజిత దాన్ని స్క్రీన్‌కు ఆనించి, బూడిద రంగు మొదలయ్యే గీత మీద అడ్డంగా నిలిపింది. దీపాలు అద్దంలో తలకిందులుగా దిగాయి, మెట్లు నీళ్లలోకి పోయాయి, అంచు నిండింది. సెక్రటరీ తనకు కనబడలేదని ముందుకు వంగాడు, రాజేశం ఆయన భుజం మీదుగా వంగాడు. అద్దం కొంచెం వంగి, ఆ నీళ్లలో దీపాల పక్కన మేడం మొహం వచ్చింది. కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది, నోరు తెరిచి ఉంది. ఆగిపోయిన పాటను ఆమె అక్కడి నుంచే ఎత్తుకుంటున్నారు.